ఈ ప్రింటు ఎవరు పంపారు?

నెట్‌వర్కుల పాఠం మధ్యలో ఒక అమ్మాయి అడిగింది: "సార్, ల్యాబ్ మొత్తానికి ఒకటే ప్రింటర్ కదా! ఏ కాగితం ఎవరు పంపారో దానికెలా తెలుస్తుంది?"

నిజానికి దానికి తెలియదు. ఎక్కడ చుక్క పెట్టాలో, ఎక్కడ ఖాళీ వదలాలో, ప్రింటర్‌కు అంతవరకే తెలుసు. మనిషి పేరు విడిగా, పక్కనే ప్రయాణం చేసి రావాలి. ఆ ప్రయాణానికి బెర్క్‌లీ యూనిక్స్ వాళ్లు వేసిన దారి నాకు ఎంతో ఇష్టం.

వాళ్ల ఎల్‌పీడీ పద్ధతిలో ఒక్కో ప్రింటుకు రెండు రకాల ఫైళ్లు వెళ్తాయి. డేటా ఫైల్లో అచ్చు కావలసిన విషయం ఉంటుంది. కంట్రోల్ ఫైల్లో చిన్న చిన్న వరుసలుంటాయి. ప్రతి వరుసలో మొదటి అక్షరమే ఆదేశం. హెచ్ అంటే పంపిన కంప్యూటర్ పేరు, పీ అంటే పంపిన మనిషి పేరు, జే అంటే పని పేరు. ఎల్ కనిపిస్తే ముందుగా ఒక బ్యానర్ పేజీ, దాని మీద పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో. ఈ పద్ధతిని 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1179 పత్రంగా రాసిపెట్టారు. హెచ్, పీ వరుసలు అందులో తప్పనిసరి.

అయితే పీ వరుస రాసేది పంపే కంప్యూటరే. పోస్టు కవరు మీద పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. ఇక్కడా అదే చిక్కు. దీనికి వాళ్లు పాస్‌వర్డ్ అడగలేదు, రహస్య సంకేతాలూ వాడలేదు. కంట్రోల్ ఫైలు 721 నుంచి 731 వరకు ఉన్న నెట్‌వర్క్ పోర్టుల్లో ఒకదాని నుంచే బయలుదేరాలన్నారు, అంతే.

కిటుకంతా ఆ అంకెల్లో ఉంది. యూనిక్స్‌లో 1024 కంటే తక్కువ నంబరు పోర్టును తెరిచే అధికారం రూట్‌కే, అంటే ఆ యంత్రం నిర్వాహకుడికే ఉంటుంది. మామూలు యూజర్ రాసుకున్న ప్రోగ్రాం ఆ గుమ్మం దాటలేదు. కాబట్టి పిలుపు 725 నుంచి వచ్చిందంటే, మాట్లాడుతున్నది నిర్వాహకుడు నమ్మి పెట్టిన ప్రోగ్రామే. లాగిన్ అయి ఉన్నది ఎవరో అది ఆపరేటింగ్ సిస్టం కెర్నెల్‌ను అడిగి తెలుసుకుని పీ వరుసలో రాస్తుంది. అంటే ఒక పోర్టు నంబరే పేరుకు హామీ!

ఈ హామీ ఒక్క నమ్మకం మీద నిలబడింది: ప్రతి యంత్రానికీ బాధ్యత గల నిర్వాహకుడు ఒకరుంటారని. బల్లబల్లకూ పీసీ వచ్చాక ఎవరి యంత్రానికి వారే రూట్. ఏ పోర్టయినా తెరవొచ్చు, ఏ పేరయినా రాయొచ్చు. పైగా ఉన్నవి పదకొండు పోర్టులే. ఒకసారి మూసిన పోర్టు మళ్లీ వాడకానికి రావడానికి కాసేపు పడుతుంది. పదకొండు ప్రింట్లు గబగబా పంపితే పన్నెండోది ఆగాల్సి వచ్చేది.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 9100 పోర్టుకు నేరుగా పంపే పద్ధతిలో, డ్రైవర్ తనంతట తాను చేరిస్తే తప్ప పేరే ఉండదు. ఐపీపీ అనే ప్రింటింగ్ పద్ధతి మాత్రం పంపినవారు చెప్పుకున్న పేరును వేరుగా, లాగిన్‌తో రుజువైన పేరును వేరుగా చూస్తుంది; రుజువైనది ఉంటే దాన్నే రికార్డు చేయమంటుంది. సీయూపీఎస్ అనే ప్రింట్ సర్వర్‌లో పేజ్ లాగ్, విండోస్‌లో 307 నంబరు ఈవెంట్ ప్రింటు ఎవరి పేరున వచ్చిందో రాసుకునే రికార్డులే. కొన్ని కలర్ లేజర్ ప్రింటర్లు కాగితం మీద వేసే సన్నని పసుపు చుక్కల్లో యంత్రం సీరియల్ నంబరు, ముద్రించిన సమయం ఉంటాయి. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2005లో ఒక జెరాక్స్ యంత్రం చుక్కలను చదివి చూపించింది. వాటిలో కూడా మనిషి పేరు లేదు.

నేటి ఆఫీసుల్లో కార్డు పెడితేనే కాగితం బయటికి వచ్చే ఏర్పాటు సూటిగా ఉంది: మనిషిని ప్రింటర్ దగ్గరే గుర్తుపడుతుంది. అది లేనిచోట, లాగ్‌లో పేరు కనిపించిందని ఎవరినైనా నిలదీసే ముందు ఒక్కటి అడగాలి: ఆ పేరును ఎవరైనా సరిచూశారా, లేక పంపిన యంత్రం చెప్పిందే రాసుకున్నారా? రెండోదే అయితే అది ఆచూకీ మాత్రమే, సాక్ష్యం కాదు.