ముప్పై కంచెలు, ఒక్క గెలుపు: పందెపు గుర్రాన్ని అంచనా వేసేదెలా?

1973 మార్చి 31. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీ మైదానం. గ్రాండ్ నేషనల్ పందెంలో ఆఖరి కంచె దాటేసరికి క్రిస్ప్ అనే గుర్రం మిగతావాటికంటే ఎంతో ముందుంది. ఇక గెలుపు దానిదే అనుకున్నారు. కానీ గమ్యం దగ్గరపడేకొద్దీ దాని అడుగులు తడబడ్డాయి. వెనక నుంచి దూసుకొచ్చిన రెడ్ రమ్ ముప్పావు గుర్రం పొడవు తేడాతో గెలిచింది. ఆ రోజు క్రిస్ప్ మోసింది సుమారు 76 కిలోలు, రెడ్ రమ్ మోసింది దాదాపు 66 కిలోలు.

ఈ తేడా అనుకోకుండా వచ్చింది కాదు. గ్రాండ్ నేషనల్ ఒక హ్యాండిక్యాప్ పందెం. గత ఫలితాలను బట్టి అధికారులు ప్రతి గుర్రానికీ రేటింగ్ ఇస్తారు. మేటి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు కేటాయించి, అన్నింటికీ సమాన అవకాశం కల్పించాలన్నది ఉద్దేశం. అందుకే ‘ఏది మంచి గుర్రం?’ అన్న ప్రశ్న ఇక్కడ సరిపోదు. ‘ఏది తన రేటింగ్ కంటే మెరుగ్గా ఉంది?’ అన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాద్ మలక్‌పేటలో జరిగే పందేల్లో గుర్రాలు చదునైన ట్రాక్‌పై పరుగెత్తుతాయి. స్టీపుల్‌చేజ్‌లో మధ్యమధ్య కంచెలు దూకాలి. గ్రాండ్ నేషనల్ దూరం సుమారు 6.9 కిలోమీటర్లు, దూకాల్సినవి 30. వీటిలో బీచర్స్ బ్రూక్ వద్ద దూకే చోటు కంటే దిగే చోటు పల్లంగా ఉంటుంది.

ఇక్కడే సంభావ్యతా గణితం పనికొస్తుంది. ఒక గుర్రం ప్రతి కంచెనూ 99 శాతం కచ్చితత్వంతో దాటుతుందనుకుందాం. 0.99ని 30 సార్లు గుణిస్తే వచ్చేది 0.74. అంటే మొత్తం కంచెలన్నీ దాటే అవకాశం 74 శాతమే. అదే కచ్చితత్వం 98 శాతమైతే ఆ అవకాశం 55 శాతానికి పడిపోతుంది. ఒక్కో దూకుడులో కంటికి ఆనని లోపం ముప్పై దూకుళ్లలో పెద్దదవుతుంది. కాబట్టి వేగం కంటే ముందు చూడాల్సింది తప్పు చేయకుండా దూకే అలవాటు.

తర్వాతది దమ్ము. విశ్రాంతిలో నిమిషానికి 30-40 సార్లు కొట్టుకునే గుర్రం గుండె, పూర్తి దౌడులో 220 దాటుతుంది. ప్లీహం తనలో దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదిలి, ఆక్సిజన్ మోసే శక్తిని పెంచుతుంది. ఈ దమ్ము కొంతవరకు పుట్టుకతో వస్తుంది. మయోస్టాటిన్ జన్యువులోని ఒక తేడాకూ, గుర్రానికి నప్పే పందెం దూరానికీ సంబంధం ఉందని 2010లో డబ్లిన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు.

నేల కూడా లెక్కలోకి వస్తుంది. 2001లో వానకు మైదానం బురదమయమైంది. బయలుదేరిన 40 గుర్రాల్లో గమ్యం చేరినవి నాలుగే. వాటిలో రెండింటిని మధ్యలో ఆగాక జాకీలు మళ్లీ ఎక్కి నడిపించారు.

గత రికార్డుల నుంచి సూత్రాలు తీసేవారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. 1940 తర్వాత ఏడేళ్ల గుర్రమేదీ గెలవలేదు కాబట్టి, ఆ వయసు పనికిరాదని చాలామంది నమ్మారు. 2022లో ఏడేళ్ల నోబుల్ యేట్స్ గెలిచింది. పందెం ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. ఏడేళ్ల గుర్రాలు పాల్గొనేది కూడా తక్కువే. అంత చిన్న నమూనా నుంచి నియమాలు పుట్టించడం గణాంకశాస్త్రం ఒప్పుకోని పని.

బుకీలు ఇచ్చే ధరలోనూ ఒక అంచనా దాగి ఉంటుంది. 9/1 అంటే పదింట ఒక వంతు, అనగా 10 శాతం. అయితే అన్ని గుర్రాల శాతాలూ కూడితే మొత్తం 100 దాటుతుంది. ఆ మిగులే బుకీ లాభం. 1967లో 100/1 ధర పలికిన ఫోయినావన్, ముందున్న గుర్రాలన్నీ 23వ కంచె వద్ద చిక్కుకుపోవడంతో తప్పించుకుని గెలిచింది. ఒక శాతం అవకాశం అంటే అసాధ్యం అని కాదు, అరుదు అని మాత్రమే.

గుర్రాల ప్రాణాలు కూడా ఈ లెక్కలతో ముడిపడి ఉన్నాయి. 2013లో కంచెల లోపలి చెక్క చట్రాలు తీసేసి, వంగే ప్లాస్టిక్ పెట్టారు. 2024లో పోటీదారుల గరిష్ఠ సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు. మొదటి కంచెను ప్రారంభ రేఖకు దగ్గరగా జరిపారు. వేగం పుంజుకునేలోపే దూకితే ప్రమాదం తగ్గుతుందన్నది ఆలోచన. ఆ ఏడాది పందెంలో ఒక్క గుర్రమూ కూలలేదు. 2025లో మళ్లీ పడిపోవడాలు కనిపించాయి. మార్పులు ఎంత మేలు చేశాయో చెప్పడానికి ఒకటి రెండు ఏళ్లు చాలవు. విజేతను ఊహించేవారికి వర్తించే హెచ్చరికే, గుర్రాన్ని కాపాడాలనుకునేవారికీ వర్తిస్తుంది.