మీకు తెలుసా? ఇల్లు కాలితే బూడిద ఊడ్చేముందు...

మంట ఆరగానే మనవాళ్లు చేసే మొదటి పని, చుట్టాలంతా చేరి ఇల్లు ఊడ్చి కడిగేయడం. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా ఇదే తంతు. సగం బీమా క్లెయిము ఆ చీపురు కిందే పోతుంది.

• మసిబట్టిన ఫ్రిజ్‌ను పాత సామాన్లవాడికి వేసేస్తే, ఆ ఇంట్లో ఫ్రిజ్ ఉండేదనే ఆధారమే పోతుందని తెలుసా? బీమా కంపెనీ పంపే సర్వేయరు చూసేదాకా కాలినవి కాలినచోటే ఉండాలి. కప్పు కూలేలా ఉంటే తీయక తప్పదు కాబట్టి ముందు ఫోన్‌తో గది గదికీ వీడియో తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి కరెంటు మీటరు, స్విచ్ బోర్డు, సజ్జ మీది బిందెలు, బీరువా అరలు, ఫ్రిజ్ వెనక అంటించిన మోడల్ నంబరు చీటీ, ఏదీ వదలకండి. శిథిలాలు ఎత్తిపోయించే ఖర్చు కూడా క్లెయిము మొత్తంలో 2 శాతం వరకు ఇంటి బీమా పాలసీయే ఇస్తుంది.

• 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే నమూనా పాలసీ అమ్ముతున్నాయి. ఇల్లూ సామానూ కలిపి తీసుకుంటే, సామాను జాబితా ఇవ్వకపోయినా ఇంటి బీమా మొత్తంలో 20 శాతం దానికి వర్తిస్తుంది. గరిష్ఠ పరిమితి 10 లక్షలు. అంటే ఇల్లు 25 లక్షలకు చేయిస్తే సామానుకు 5 లక్షలు. నగలకు మాత్రం విడిగా చెప్పి రాయించుకోవాలి.

ఇందులో నాకు బాగా నచ్చిన నిబంధన ఇంకొకటి ఉంది. పాత పాలసీల్లో 20 లక్షల ఇంటికి 10 లక్షలకే బీమా చేయిస్తే, 4 లక్షల నష్టం జరిగినా చేతికి 2 లక్షలే వచ్చేవి. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు.

• బైపాస్ పక్కన ప్లాటు గజం ఎంత పలికినా బీమాకు దాంతో పనిలేదు. నేల కాలదు కదా! కార్పెట్ ఏరియాను కట్టుబడి రేటుతో హెచ్చించి మొత్తం తేలుస్తారు. లోన్ ఇచ్చిన బ్యాంకు చేయించిన పాలసీ ఉంటే ఒకసారి తీసి చదవండి. అది గోడలకేనా, లోపలి సామానుకు కూడానా అన్నది అందులోనే ఉంటుంది.

• ‘షార్ట్ సర్క్యూట్’ అని రాస్తే క్లెయిము రాదని భయపడి కారణం దాచేవాళ్లున్నారు. అక్కర్లేదు. షార్టయిన ఆ కూలరుకో టీవీకో డబ్బు రాదు. దాని నుంచి మంట పాకి కాలిన మంచం, బట్టలు, తలుపులకు వస్తుంది.

• 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఓ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల వృద్ధుడు చనిపోయాడు. అలాంటి మంటలో ఇంటికి ఇంటి పాలసీ, బండికి బండి పాలసీ. ఒకదాంట్లో రెండోది రాదు.

• ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, ఆ ప్రమాదం కారణంగా దొంగలు పడితే ఆ నష్టానికి కూడా ఇంటి పాలసీ వర్తిస్తుంది. తలుపులు కాలిన ఇంటికి తాళం ఎక్కడ వేస్తాం?

• బీరువాలో కాలిన నోట్లకు పాలసీ ఇవ్వదు. అలాగని పారేయకండి. బాగా కాలి పెళుసుబారిన నోట్లను మామూలు బ్యాంకు శాఖలు తీసుకోవు. వాటిని హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వ్ బ్యాంకు కార్యాలయానికే ఇవ్వాలి. నోటు ఎంత మిగిలిందో చూసి విలువ కడతారు. విడదీయబోతే పొడి అవుతాయి, ఉన్నది ఉన్నట్టే డబ్బాలో పెట్టి తీసుకెళ్లడం మేలు.

• మీరు పైసా కట్టకుండానే మీ గ్యాస్ కనెక్షన్‌కు బీమా ఉంది! ఆయిల్ కంపెనీలే ప్రీమియం కడతాయి. సిలిండర్ ప్రమాదంలో మనిషి పోతే 6 లక్షలు, వైద్యానికి ఒక్కొక్కరికి 2 లక్షల వరకు, కనెక్షన్ నమోదైన ఇంట్లో ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు వస్తాయి. జరిగింది వెంటనే డీలరుకు రాతపూర్వకంగా చెప్పాలి. చాలామందికి ఈ సంగతే తెలియదు, అడిగేవాళ్లూ తక్కువే.

• తహసీల్దారు ఆఫీసు ఇచ్చే సాయం బీమాతో సంబంధం లేనిది. గిర్దావర్ వచ్చి పంచనామా రాస్తాడు. విపత్తు సాయం నిబంధనల ప్రకారం (2022-26) పూర్తిగా పోయిన ఇంటికి 1,20,000, గుడిసెకు 8,000, బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500. ఎనిమిది వేలకు ఈ రోజుల్లో గుడిసె లేస్తుందా అన్నది వేరే మాట. పంచనామా నకలు, 101కు ఫోన్ చేస్తే వచ్చిన ఫైర్ స్టేషన్ వాళ్లిచ్చే ధ్రువపత్రం క్లెయిముకూ పనికొస్తాయి.

• 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి కాలనీలు నీట మునిగాయి గుర్తుందా? నిప్పుకు తీసుకున్న భారత్ గృహ రక్ష పాలసీయే అలాంటి వరద నష్టానికీ వర్తిస్తుంది.

• సర్వేయరు కంపెనీ ఉద్యోగి కాడు, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సున్న మనిషి. 2024 నిబంధనల ప్రకారం అతను 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. కాగితాలు లేవనే ఒక్క సాకుతో కొట్టేయకూడదు. తేల్చకపోతే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెల దాటినా కదలిక లేకుంటే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు. 50 లక్షల దాకా తగాదాలు అక్కడ నడుస్తాయి, ఫీజు లేదు, వకీలును పెట్టుకోనివ్వరు.