సూత్రానికి చిక్కని కార్లు

ఒకడు నియమం రాసి కలం కింద పెట్టేలోగా, అందులోంచి దూరిపోవడానికి సందు ఎక్కడ వున్నదా అని మరొకడు వెతుకుతూనే వుంటాడు. ఆదాయపు పన్ను మొదలు పెళ్ళి కట్నాల దాకా ఇది మనకందరికీ అనుభవమే. కాని ఈ విద్యలో అమెరికా పందెపు కార్ల మేస్త్రీలు సాధించిన ప్రావీణ్యం చూస్తే మన ప్లీడర్లు కూడా నమస్కారం పెట్టవలసిందే!

నేను కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. కారు నడపడం నాకు చేతకాదు. డెట్రాయిట్లో ఇంజనీరుగా వున్న మా మేనల్లుడు సెలవుల్లో వచ్చి, ఒక లావుపాటి పుస్తకం నా బల్లమీద పెట్టాడు. "మామయ్యా, ఇది కార్ల పుస్తకం అనుకోకండి. వ్యాకరణం అనుకుని చదవండి" అన్నాడు. మార్క్ డొనహ్యూ అనే పందెగాడు మరొక రచయిత సాయంతో రాసుకున్న స్వానుభవం అది. 1975లో అచ్చయింది. దాని పేరు 'ది అన్‌ఫెయిర్ అడ్వాంటేజ్'. అంటే న్యాయం కాని పైచేయి అన్నమాట. అట్టమీదే ఒప్పేసుకున్నాడు మహానుభావుడు!

1966లో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా వారు 'ట్రాన్స్-యామ్' అనే పోటీలు ప్రారంభించారు. ఇవి సెడాన్లకు, అనగా నలుగురు కూర్చునే సంసారపక్షపు కార్లకు. గానుగెద్దులా ఒకే వైపు తిరిగే పందెం కాదు. కుడి ఎడమ మలుపులతో నిజమైన రోడ్డు మాదిరిగా వుండే దారి. నియమాలు ముఖ్యంగా మూడు. కారు దుకాణంలో అమ్మే రకమే కావాలి. ఇంజను అయిదు లీటర్లు దాటరాదు. బండి నిర్ణయించిన బరువుకు తగ్గరాదు. ఆదివారం గెలిచిన బండి సోమవారం అమ్ముడుపోతుందని అక్కడి వ్యాపారుల నమ్మకం. కనుక కంపెనీలన్నీ అటే చూశాయి.

మొదట ఇంజను సంగతి చూడండి. షెవ్రొలే కంపెనీ వద్ద అయిదు లీటర్లు దాటిన ఇంజను ఒకటి, బాగా తగ్గిన ఇంజను ఒకటి వున్నాయి. పెద్దదాని ఒంట్లో చిన్నదాని క్రాంక్ షాఫ్టు అమర్చేసరికి సరిగ్గా పరిమితికి కాస్త లోపల, 4.9 లీటర్ల ఇంజను పుట్టింది. దానిని కామరో కారులో పెట్టి 'జెడ్-28' అని పేరుపెట్టి ధరల పట్టికలో చేర్చారు. 1967లో అటువంటివి 602 మాత్రమే తయారైనాయి. షెవ్రొలేకు పెద్ద సంస్థ అయిన జనరల్ మోటార్స్ 1963లోనే, పందాల జోలికి పోబోమని ప్రకటించింది. అందుచేత ఈ సాయమంతా వీధి తలుపు మూసి, దొడ్డితలుపు తెరిచి చేసినదే. దుకాణంలోని కారు పందానికి వెళ్ళాలని నియమం రాస్తే, పందెపు కారునే దుకాణానికి పంపారు!

ఇక రోజర్ పెన్స్కీ అనే ఆసామి జట్టు సంగతి. డొనహ్యూ ఆ జట్టుకు సారథి, ఇంజనీరింగు చదివినవాడు. వారు కామరో బండి పైచట్రాన్ని తీసుకుపోయి ఆమ్లపు తొట్టిలో ముంచారు. ఆమ్లం ఇనుపరేకును అన్నివైపులా సమంగా తినేస్తుంది. చూపుకు అదే బండి. రేకు మాత్రం పలచన. అలా తగ్గిన బరువును సీసపు దిమ్మల రూపంలో బండి అడుగున, తమకు కావలసినచోట పెట్టుకుంటే, తక్కెడకూ తృప్తి, మలుపులో బండికీ నిలకడ. తలబరువు తగ్గించి అడుగున ఇసుక పోసిన కూజా ఒరగదు కదా! కాని ఆశకు అంతులేదు. 1967లో ఆ బండి నిర్ణీత బరువుకే తక్కువని బయటపడింది. ఇకమీదట దానిని తీసుకురావద్దని అధికారులు మందలించారు.

తీసుకురాకుండా వుంటారా? 1968లో ఫ్లోరిడాలోని సెబ్రింగ్‌లో పన్నెండు గంటల పందానికి రెండు నీలి కామరోలు వచ్చాయి. రెండూ కవలపిల్లలే. ఒకటి సరైన బరువుది. రెండవది ఆ పాత పలచటి బండి. సరైన బండి తనిఖీకి వెళ్ళి నెగ్గింది. తిరిగివచ్చాక దానిమీద అంకె మార్చారు. అదే బండి, రెండవ అంకెతో మళ్ళీ తనిఖీకి వెళ్ళి మళ్ళీ నెగ్గింది! పందెంలో ఆ రెండు బండ్లూ మొత్తంమీద మూడవ, నాలుగవ స్థానాలు సంపాదించాయి. ఆ ఏడు ట్రాన్స్-యామ్ 13 పందాలలో పదింటిని డొనహ్యూ ఒక్కడే గెలిచాడు.

అయితే ఆ జట్టు తెలివితేటలన్నీ ఇటువంటివే అనుకోరాదు. బ్రేకుల చెక్కలు త్వరగా మార్చడానికి ఇంజను పీల్పుడు శక్తితో వాటిని వెనక్కి లాగే ఏర్పాటు చేశారు. పెట్రోలు వేగంగా దిగాలని తొట్టిని ఆకాశమంత స్తంభం మీద నిలబెట్టారు. ఎత్తు ఇంత వుండాలని ఏ నియమంలోనూ లేదు, తరువాత రాశారు. బండి పల్లటీ కొడితే సారథి తల కాపాడడానికి లోపల ఇనుపగొట్టాల పంజరం వుండాలన్నారు. సరేనని ఆ పంజరంతోనే బండి మొత్తాన్ని బిగించి గట్టిచేశారు. పందెం వేగమూ పెరిగింది, ప్రాణానికి రక్షణా పెరిగింది.

డేటోనా బీచిలో స్మోకీ యూనిక్ అని మరొక మేస్త్రీ వుండేవాడు. గుండ్రటి బాటల పందాలలో పెట్రోలు ట్యాంకు కొలతకు నియమం వున్నదిగాని, గొట్టానికి లేదు. ఆయన రెండంగుళాల లావున, పదకొండు అడుగుల పొడవున గొట్టం వేశాడట. అందులో అయిదు గాలన్లు పట్టేదని చెప్పుకుంటారు. కాగితం మీద లెక్కవేస్తే రెండు గాలన్లు కూడా రావు. నియమాలే కాదు, కథలు కూడా సాగుతాయి సుమండీ!

చిన్నయసూరి బాలవ్యాకరణంలో 'బహుళం' అనే మాట వున్నది. ఒకచోట నిత్యంగా, ఒకచోట వికల్పంగా, ఒకచోట అసలే రాకుండా, మరొకచోట ఇంకొక విధంగా జరుగుతుందని దానికి అర్థం. సూత్రకారుడే తన సూత్రం భాషనంతా పట్టలేదని తెలిసి వదిలిన కిటికీ అది. కవులు ఆ కిటికీలోంచి ఎంత దూరమైనా చూస్తారు, తప్పులేదు. స్తంభం ఎత్తు, పంజరం, బ్రేకులు ఆ జాతివి. కాని ఒకే బండికి రెండు అంకెలు వేయడం సూత్రాన్ని వ్యాఖ్యానించడం కాదు, తనిఖీకి వచ్చిన మనిషి కళ్ళలో కారం కొట్టడం. ఆమ్లపు తొట్టి ఈ రెండింటికీ మధ్య గోడమీద కూర్చున్నది. ఎటు దూకిందో తక్కెడే చెప్పాలి.

ఇందులో నష్టపోయిందెవరు? ఫోర్డు మొదలైన పెద్దలు తమ ఎత్తులు తాము వేస్తూనే వున్నారు. స్వంత డబ్బుతో స్వంత కారు తెచ్చుకుని, పుస్తకంలో రాసినట్టే బిగించుకుని, స్నేహితులచేత చక్రాలు మార్పించుకున్న చిన్నవాడికి మాత్రం ఆమ్లపు తొట్టి ఎక్కడ దొరుకుతుంది? ఖర్చు చివరకు పెద్దలకే భారమైంది. 1970 ముగిసేసరికి కంపెనీలు చాలావరకు తప్పుకున్నాయి.

డొనహ్యూ 1972లో ఇండియానపొలిస్ 500 మైళ్ళ పందెం గెలిచాడు. పుస్తకం వెలువడిన 1975లోనే, ఆగస్టులో, ఆస్ట్రియాలో పందానికి ముందు సాధన చేస్తుండగా ప్రమాదం జరిగి, రెండు రోజులకు కన్నుమూశాడు. అప్పటికి 38 ఏళ్ళు. సెబ్రింగ్ సంగతి దాచిపెట్టి పోయినా అడిగేవారు లేరు. ఆనాటి తనిఖీదారు లెక్కలో రెండు బండ్లూ నెగ్గినవే. నెగ్గింది ఒక్కటేనని ప్రపంచానికి చెప్పినవాడు, వాటిని తెచ్చినవాడే.