బండ పలికితే వినాలి

మా ఇంట్లో గోడకు మేకు కొట్టాలంటే నాన్న ముందు వేలి కణుపుతో తట్టి చూసేవాడు. ఒకచోట తట్టి, జానెడు పక్కకు జరిగి మళ్లీ తట్టి, అప్పుడు సుత్తి అందుకునేవాడు. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బాయి పని చేసిన మనిషి ఆయన. గని అన్న మాట మాకు కాగితాల మీదిది, నోట్లో ఆడేది బాయి. ‘నాన్న బాయికి పోయిండు’ అంటే మా దగ్గర నీళ్ల బావి ఎవరికీ గుర్తురాదు. ఆ గోడ తట్టే అలవాటు ఎక్కడిదో మాత్రం నాకు చాలా ఏళ్ల తర్వాత, రాతపని మీద మొదటిసారి బాయిలో దిగిన రోజున తెలిసింది.

ఫస్ట్ షిఫ్ట్ ఉదయం ఏడింటికి. హాజరు మస్టర్ పడ్డాక ల్యాంప్ రూమ్ కిటికీ ముందు వరుస కట్టాలి. బ్యాటరీ నడుముకు, దీపం టోపీకి. తోడుగా సెల్ఫ్ రెస్క్యూయర్ అనే డబ్బా. లోపల విషవాయువు కమ్ముకుంటే నోటికి తగిలించుకుని బయటపడేందుకు అది. బాయి మొగదల జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె, సెల్‌ఫోన్ ఏవీ లోపలికి పోకూడదు. బీడీ మానలేనివాళ్లు అక్కడే చివరి దమ్ము పీల్చి, ముక్కను కాలితో నలిపి నడుస్తారు.

ఏటవాలుగా భూమిలోకి దిగే ఆ దారి ఇంక్లైన్. తాడుకు వేలాడే చైర్‌లిఫ్ట్ సీటు మీద కూర్చుని దిగుతుంటే వీపుకు చల్లటి గాలి తగులుతూనే ఉంది. బయట మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈ గాలి తనంతట తాను వచ్చింది కాదు. గనికి మరో మొగదల పెద్ద ఫ్యాను లోపలి గాలిని గుంజి బయటికి పోస్తుంటే, ఇటునుంచి కొత్త గాలి దూరుతుంది. ఎక్కడ మలగాలో, ఎక్కడ ఆగాలో దానికి గోడలు, తలుపులు, పరదాలు కట్టి దారి చూపిస్తారు. ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలని నిబంధన. ఎవరో తలుపు వేయడం మరిచిపోతే చాలు, ఎక్కడో ఒక మూల పనిచేసేవాడికి ఊపిరి బరువెక్కుతుంది.

కింద భద్రత చూసే మైనింగ్ సర్దార్ నాకోసం ఎదురుచూస్తున్నాడు. నాన్నతో కలిసి పనిచేసినవాడే. చేతిలో కర్ర, దాని కొసన లోహపు పొన్ను. పది అడుగులు నడిచి ఆగాడు. కర్ర ఎత్తి పైకప్పును కొట్టాడు. ఖంగుమంది. నాలుగడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. ఈసారి డొల్లగా, లోపల ఏదో ఖాళీ ఉన్నట్టు మోగింది. “ఇన్నవా తమ్మీ?” అన్నాడు. సంతలో ఆడవాళ్లు కుండను వేలితో మీటి కొనరూ, అదే విద్య. పగులున్న కుండ పలికేది వేరు, గట్టి కుండ పలికేది వేరు. గడ్డపలుగుతో పొడిచి ఆ వదులు బండను కిందికి రాల్చే దాకా అటు ఎవరినీ పోనివ్వలేదు. రాలింది తలుపంత పలక. నాన్న గోడ తట్టడం నాకు గుర్తొచ్చింది. ఆయన ఇంట్లోనూ అదే వినేవాడు.

బాయి పనంటే బొగ్గు తవ్వడమే అనుకుంటాం. లోపల ఒక పూట గడిపితే ఆ మాట మీద నమ్మకం పోతుంది. అక్కడి మనుషుల పనిలో ఎక్కువ పాలు కాపలాయే. పైకప్పుకు కాపలా, గాలికి కాపలా, నీటికి, నిప్పుకి కాపలా. ఆ కాపలా నిలిచినంతసేపే బొగ్గు దక్కుతుంది.

మా బాయిల కథ యెల్లందు దగ్గర మొదలైంది. అక్కడ బొగ్గుందని భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. ఆ కంపెనీయే 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అయింది. అప్పటి నుంచి గోదావరి లోయ పొడవునా, అటు బెల్లంపల్లి దాకా, ఇటు కొత్తగూడెం దాకా ఊళ్లకు ఊళ్లు బాయిల చుట్టూ పుట్టాయి.

ఇక్కడ తరతరాలుగా నడిచిన పద్ధతి బోర్డ్ అండ్ పిల్లర్. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా వీధులు తొలుచుకుంటూ పోతారు. వీధుల మధ్య మిగిలిన బొగ్గు దిమ్మలే స్తంభాలు. ఊరిలో ఇళ్లు కూలిపోకుండా వీధులు మాత్రమే తవ్వినట్టన్నమాట. బొగ్గుముఖానికి రంధ్రాలు వేసి, మందు కూరి, షాట్ ఫైరర్ వాయువు పరీక్షించి, నలువైపులా మనుషులను కాపలా పెట్టి పేలుస్తాడు. పొగ తేరాక మళ్లీ పైకప్పు తట్టాలి, మళ్లీ సపోర్టులు పెట్టాలి. నాన్న తరంలో రాలిన బొగ్గును తట్టా చెమ్మస్‌తో, అంటే గంపా పారలతో, టబ్బుల్లోకి ఎత్తేది కోల్ ఫిల్లర్లు. ఆ నడుములు ఎంత నొప్పి మోశాయో మా కాలనీలో ప్రతి ఇంటికీ తెలుసు. ఇప్పుడా పని ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు చేస్తున్నాయి. ఇది నిండు మనసుతో సంతోషించాల్సిన మార్పు.

అసలు గుండె చిక్కబట్టుకోవాల్సింది తర్వాత. వీధులన్నీ తొలిచాక, ఇన్నాళ్లూ పైకప్పును మోసిన ఆ స్తంభాలనే కోస్తూ వెనక్కి రావాలి. దీన్ని డిపిల్లరింగ్ అంటారు. కోసిన మేర పైబండను కూలనివ్వాలి. కూలిన చోటు గోఫ్. కూలకుండా చాలా మేర నిలిచిపోతే అది మరీ ప్రమాదం. ఒక్కసారిగా పడితే ఆ గాలి దెబ్బకే మనుషులు ఎగిరిపోతారు. అందుకే పాత సర్దార్లు చెవులు రిక్కించి ఉంటారు. బండ ముందుగా చిటపటమంటుంది. చెక్క దిమ్మె బరువుకు చిట్లుతూ కిర్రుమంటుంది. ఉక్కు సపోర్టులు బలమైనవే, కానీ చెక్కలాగా ముందే మాట చెప్పవని పాతవాళ్లకు చెక్క దిమ్మె మీద ప్రేమ. ఆ ప్రేమను చాదస్తమని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు.

పైన ఊరో, రైలు పట్టాలో, నదో ఉన్నచోట కూల్చడానికి వీల్లేదు. అక్కడ గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో కిందికి పంపి ఖాళీని పూడుస్తారు. నీరు వడకట్టి మళ్లీ పంపులతో పైకి తోడాలి. నది ఇసుక అలా భూమి కిందికి చేరి, మా ఇళ్లను మోస్తోంది.

నీటితో చెలగాటం కూడదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీరు విరుచుకుపడి 375 మంది పోయారు. మా గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది తిరిగి రాలేదు. ఆ పేరు ఎత్తితే మా ఊళ్లో ఇప్పటికీ మాట తగ్గిపోతుంది. వదిలేసిన పాత పనిప్రదేశానికి 60 మీటర్ల దూరంలోకి వస్తే రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదని నిబంధన. ఆ 60 మీటర్లను కాగితం మీద గీతగా చూసేవాడు వేరు, గీత అవతల చీకట్లో నిలిచిన నీటిని ఊహించగలిగినవాడు వేరు.

ఇక వాయువు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. 1.25 శాతానికే కరెంటు ఆపి మనుషులను వెనక్కి పంపాలి. సర్దార్ చేతిలోని సేఫ్టీ దీపం వత్తి తగ్గించి కప్పు దగ్గరికి ఎత్తితే, వాయువున్నచోట మంట నెత్తిన లేత నీలి టోపీ కనబడుతుంది. ఇప్పుడు అంకెలు చూపే మీటర్లు వచ్చాయి. మంచిదే. రెండూ ఉండాలి.

నిప్పు సంగతి ఇంకా వింత. బొగ్గు తనకు తానే అంటుకుంటుంది. గోఫ్‌లో మిగిలిన బొగ్గు గాలి తగిలి మెల్లగా వేడెక్కి, నెలల తరబడి కుములుతుంది. ముందు గోడలకు చెమట పడుతుంది. తర్వాత పలచని మసక. ఆపైన కిరోసిన్ లాంటి వాసన. అందుకే పనిని పానెళ్లుగా విడగొట్టి, అంటుకునే గడువు రాకముందే ఒక్కోటి ముగించి, దారులకు మందపాటి గోడలు కట్టి మూసేస్తారు.

ఇవాళ సింగరేణి బొగ్గులో భూగర్భ గనుల వాటా దాదాపు పదోవంతే. మిగతాదంతా ఓపెన్‌కాస్టుది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. బాయిలు మూతపడుతున్నందుకు నేను ఏడవను, అక్కడ పోయిన ప్రాణాలు నాకు తెలుసు. కానీ ఇంకా నడుస్తున్న బాయిల్లో రేపు దిగబోయే పిల్లలకు కర్ర దెబ్బ వినడం నేర్పే చెవులు ఒక్కొక్కటిగా రిటైరైపోతున్నాయి. యంత్రాలతో పాటు ఆ వినికిడిని కూడా లెక్కగట్టి అప్పగించాలి.

ఆదివారం బాయికి సెలవు. సెలవు రోజు పనికి పిలిచే ‘ప్లే డే’ ఇస్తే కొందరు వస్తారు, లేకపోతే టబ్బులు కదలవు. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది, పంపు దగ్గర మనిషి ఉంటాడు. మూసేసిన పానెల్ ముందు సర్దార్ వచ్చి నిలబడతాడు. గోడలో బిగించిన సన్నటి గొట్టం మర తిప్పుతాడు. అవతలి నుంచి వచ్చే గాలిని పట్టి, మర మూసి, గోడ మీద అరచేయి ఆనించి కాసేపు ఉంచుతాడు. చల్లగా ఉంటే సుద్దముక్కతో తేదీ వేసి పక్క గోడకు నడుస్తాడు.