నాలుగు గెలుపులు.. ఒక జర్మన్ పాస్‌పోర్టు

వేములవాడ చుట్టుపక్కల దుబాయ్‌కో మస్కట్‌కో పోయినవాళ్లు లేని ఊరు వెతకాల్సిందే. బడికి పోనివాళ్లకు కూడా పాస్‌పోర్టు, వీసా సంగతులు ఇక్కడ కొట్టినపిండి. గల్ఫ్‌లో ఎన్నేళ్లు చెమటోడ్చినా ఆ దేశం మనల్ని తన మనిషిగా రాసుకోదని వాళ్లకు బాగా తెలుసు. అలాంటి నియోజకవర్గం వరుసగా నాలుగుసార్లు ఎన్నుకున్న ఎమ్మెల్యేది ఏ దేశమన్న ప్రశ్న పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది.

చెన్నమనేని రమేశ్‌ది రాజకీయాల్లో పండిన ఇల్లు. తండ్రి రాజేశ్వరరావు సీపీఐలో ఎదిగి, చివర్లో తెలుగుదేశంలో చేరిన నేత, ఆరుసార్లు ఎమ్మెల్యే. ఒక చిన్నాన్న హనుమంతరావు పేరున్న ఆర్థికవేత్త. ఇంకో చిన్నాన్న విద్యాసాగర్‌రావు బీజేపీ నేత, మహారాష్ట్ర గవర్నర్‌గా చేశారు. వాజపేయి ప్రభుత్వంలో ఆయన హోంశాఖ సహాయమంత్రి కూడా. తర్వాత రమేశ్ పౌరసత్వాన్ని రద్దు చేసింది ఆ హోంశాఖే!

రమేశ్ మాత్రం జర్మనీ వెళ్లి, వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివి, బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు. 1993లో అక్కడి పౌరసత్వం తీసుకున్నారు. మన చట్టం రెండు పడవల ప్రయాణాన్ని ఒప్పుకోదు. ఇంకో దేశ పౌరసత్వం పుచ్చుకున్న క్షణాన భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. తిరిగి పొందాలని ఆయన 2008 మార్చిలో దరఖాస్తు పెట్టారు. 2009 ఫిబ్రవరిలో మంజూరైంది. ఆ వేసవిలోనే తెలుగుదేశం టికెట్‌పై, కొత్తగా ఏర్పడిన వేములవాడ నుంచి రెండు వేల లోపు మెజారిటీతో గట్టెక్కారు. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఆది శ్రీనివాస్ ఆ దరఖాస్తును బయటికి లాగారు.

చిక్కంతా అందులోని ఒక్క గడిలో ఉంది. పౌరసత్వ చట్టం సెక్షన్ 5(1)(ఎఫ్) ప్రకారం, దరఖాస్తుకు ముందు ఏడాదంతా దేశంలోనే ఉండాలి. ఉన్నానని రమేశ్ రాశారు. హోంశాఖ లెక్కలో ఆ ఏడాది ఆయన ఇక్కడున్నది 96 రోజులు. ఊరికీ బెర్లిన్‌కూ మధ్య తిరిగే మనిషికి ఇది సాంకేతిక లోపంగా అనిపించవచ్చు. కానీ పింఛను దరఖాస్తులో వయసు తప్పు పడిన ముసలావిడను ఏ ఆఫీసూ సాంకేతిక లోపమని వదిలేయదు కదా.

ఈలోగా రాజకీయం తన దారిన తాను పోయింది. తెలంగాణ కోసం 2010లో రాజీనామా చేసిన 12 మంది ఎమ్మెల్యేల్లో తెలుగుదేశం నుంచి వచ్చింది రమేశ్ ఒక్కరే. టీఆర్ఎస్ తరఫున ఉప ఎన్నికలో భారీగా గెలిచారు. ఉద్యమం ఉరకలెత్తుతున్న రోజుల్లో జర్మన్ పాస్‌పోర్టు గోల ఎవరికి పట్టింది? 2013లో హైకోర్టు ఆయన ఎన్నిక చెల్లదంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో మళ్లీ గెలిచారు. 2017లో కేంద్రం పౌరసత్వం రద్దు చేసింది, ఆయన కోర్టుకెక్కారు. 2018లో 28 వేలకు పైగా మెజారిటీ. 2019లో హైకోర్టు ఆ రద్దును కొట్టేసి, మళ్లీ పరిశీలించమని హోంశాఖకే పంపింది, నవంబరులో హోంశాఖ మళ్లీ రద్దు చేసింది, మళ్లీ స్టే.

ఆయన వాదనలో పస లేదనలేం. ప్రజాహితానికి భంగమని తేలితే తప్ప పౌరసత్వం తీసేయొద్దని సెక్షన్ 10(3) చెబుతోంది. జనం పదేపదే గెలిపించిన మనిషి వల్ల ప్రజాహితానికి వచ్చిన ముప్పేమిటన్నది ఆయన పక్షం. అయితే ఓటరు అవినీతిని క్షమించొచ్చు, అహంకారాన్ని క్షమించొచ్చు. అర్హతను మాత్రం ప్రసాదించలేడు. రాజ్యాంగం 173వ అధికరణం ఆ అధికారం ఓటరు చేతిలో పెట్టలేదు. పైగా పౌరసత్వ వివాదం నడుస్తుండగానే జర్మన్ పాస్‌పోర్టుపై ప్రయాణం చేసిన మనిషికి ఈ వాదన ఎంతవరకు ఆసరా ఇస్తుంది?

2023లో పార్టీ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. ఎన్నికల ముందు వ్యవసాయ సలహాదారు పదవిచ్చి సర్దిచెప్పింది. అంతకుముందు నాలుగుసార్లూ ఓడిన ఆది శ్రీనివాస్ ఈసారి గెలిచి ప్రభుత్వ విప్ అయ్యారు. 2024 డిసెంబరు 9న జస్టిస్ బి.విజయ్‌సేన్‌రెడ్డి రమేశ్ పిటిషన్ కొట్టేశారు. జర్మన్ పౌరసత్వం వదులుకున్నట్టు ఆ దేశ రాయబార కార్యాలయం నుంచి ఒక్క కాగితం చూపలేకపోయారని, ఆయన జర్మన్ పౌరుడేనని తేల్చారు. 30 లక్షల ఖర్చులు చెల్లించమన్నారు. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు.

ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతుంది. ఇక్కడ తీర్పులు వచ్చేలోపు శాసనసభల గడువులే తీరిపోయాయి. ఆ సభలు చేసిన చట్టాలకేమీ ఢోకా లేదు. అర్హత లేని సభ్యుడు ఓటేశాడని తర్వాత తెలిసినా సభ నిర్ణయాలు చెల్లుతాయని 189వ అధికరణం ముందే కాచుకుంది. అర్హత లేదని తెలిసీ సభలో కూర్చుంటే ఏమవుతుందో 193వ అధికరణం రాసిపెట్టింది. రోజుకు 500 రూపాయల జరిమానా. 1950 నాటి రేటు, ఇప్పటికీ పెంచలేదు.