పాత పెట్టెలలోని పొగబండి

కాజీపల్లికి కర్మాగారములు వచ్చినవి గాని రైలు రాలేదు. లారీల మోత వినుచు పెరిగిన ఆ యూరి బాలురకు ఇంటి ముంగిట రైలుకూత వినబడదు. అట్టి చోట మొన్న నొక విద్యార్థి యింట, చెక్కబల్లపై, జానెడు రైలుబండి గిరగిర తిరుగుట చూచి విస్తుపోయితిని. పట్టాలు, చక్రములు మాత్రము కొన్నవి. తక్కినదంతయు పాత సామాను కొట్టునుండి వచ్చినదే!

బొమ్మరైళ్లలో మిక్కిలి ప్రచారమందున్న కొలత అసలు బండిలో ఎనుబది యేడవ వంతు. పట్టాల నడిమి దూరము 16.5 మిల్లీమీటర్లు. ఆ కుర్రవాడు మొదట చెడిన టేపురికార్డరు మోటారును అమర్చెనట. అది తిరిగినది గాని మాట వినలేదు. పాట సాగిపోకుండుటకై ఆ మోటారును ఒకే వేగమున తిరుగునట్లు కట్టుదిట్టము చేసియుందురు. స్టేషను వచ్చినను నెమ్మదింపని బండి యెవరికి కావలెను? పిదప పాత కంప్యూటరులో సీడీ పళ్లెమును బయటికి నెట్టు చిన్న మోటారును తెచ్చెను. ఇది సాధువు. ఆరు వోల్టులలోపుననే చెప్పినట్లు నడచును. తీగలు తారుమారు చేసిన వెనుకకు మళ్లును. పాత రేడియో ట్రాన్స్‌ఫార్మరు ఇంటి కరెంటును తగ్గించును. ఆ ప్రమాదకరమైన భాగమును మాత్రము ఎలక్ట్రీషియనుచేత బిగింపించెను.

నన్ను మిక్కిలి ఆకర్షించినది స్టెబిలైజరు. ఒకప్పుడు టెలివిజను ప్రక్కన కూర్చుండి టక్కుటక్కు మనుచుండిన పెట్టె యది! ఆ చప్పుడు లోపలి రిలేలది. కొద్దిపాటి విద్యుత్తుతో వేరొక విద్యుత్తును కలుపుచు, విడదీయుచు నుండు మీటయే రిలే. దానితో నితడు ఎఱ్ఱదీప మార్పి పచ్చదీపము వెలిగించెను. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1946లో స్థాపించిన బొమ్మరైళ్ల సంఘమువారును టెలిఫోను రిలేలతోనే తమ బండ్లను నడిపిరి. వారిలో కొందరు తరువాత కంప్యూటర్ల వెంటబడిరి. ‘హ్యాకర్’ అను మాట ఆ గోష్ఠినుండియే లోకమునకు ప్రాకినది. నేను తెలుగు పంతులను. సోల్డరింగు పట్టుట రాదు గాని, మాట పుట్టుక తెలిసినచో సంతోషింతును.

పాత టెలివిజనును మాత్రము అతడు విప్పడు. కరెంటు తీసివేసిన పిదపను చిత్రనాళమున వేల వోల్టులు దాగియుండవచ్చును. మైక్రోవేవ్ పొయ్యియు నంతే. ఉపాధ్యాయులు తొలుత చెప్పవలసిన పాఠమిది.

అతని తండ్రి ఆ కొట్టులోనే కూలి. కొడుకు మోటారుకై పెట్టె విప్పినప్పుడు “రాగి తూకం తగ్గుతదిరా!” అని కసరెనట. రాగికై తీగల తొడుగును తగులబెట్టుట ఆ వృత్తిలో కలదు. ఆ పొగ విషము. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతముల కాలుష్యము 1990లోనే సుప్రీంకోర్టు గడప తొక్కినది. దానికి ఈ పొగయు తోడు కావలెనా? కుర్రవాడు తీగను కాల్చడు, బ్లేడుతో ఒలుచును. ఆలస్యమే గాని రాగి తూకము తగ్గలేదు. ఇప్పుడు తండ్రియు నట్లే ఒలుచుచున్నాడు. మోటారులను వేరొక డబ్బాలో దాచుచున్నాడు.

వచ్చునప్పుడు చూచితిని: స్టేషను పలక ఖాళీగా నున్నది. “సార్, మీ చేతిరాత మంచిగుంటది, పేరు రాసియ్యుండ్రి” అనెను. అగ్గిపెట్టె అట్టపై ‘కాజీపల్లి’ అని వ్రాసి యిచ్చితిని.