మానని చీలమండ పుండుకు మందు బిగువైన కట్టే

చీలమండ లోపలి వైపు, ఎముకకు కాస్త పైన పుండు పడుతుంది. నెలల తరబడి మానదు. చుట్టూ చర్మం గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి, దురద పెడుతుంది. షుగర్ ఉన్నవాళ్లయితే దీన్ని షుగర్ పుండే అనుకుంటారు. కానీ షుగర్ పుండు ఎక్కువగా అరికాలిలో, వేళ్ల దగ్గర వస్తుంది. చీలమండ దగ్గరి పుండుకు చాలాసార్లు కారణం సిరలు (చెడు రక్తాన్ని గుండెకు చేర్చే నాళాలు).

కాళ్లలోని రక్తం పైకి ఎక్కాలి. నడిచినప్పుడల్లా పిక్క కండరం సిరల్ని నొక్కి దాన్ని పైకి తోస్తుంది. అది మళ్లీ కిందికి జారకుండా కవాటాలు (ఒకవైపే తెరుచుకునే పొరలు) ఆపుతాయి. నిలబడినప్పుడు చీలమండ సిరల్లో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. కవాటాలు బాగుంటే నడక మొదలుపెట్టగానే అది 30 దరిదాపులకు దిగుతుంది. పాడైతే అంతగా దిగదు. ఆ ఒత్తిడికి సన్నని రక్తనాళాల నుంచి నీరు, ఎర్రకణాలు బయటికి ఊరతాయి. ఆ కణాల్లోని ఇనుమే చర్మానికి గోధుమరంగు తెస్తుంది. అలా దెబ్బతిన్న చర్మం చిన్న గీత పడినా పుండవుతుంది.

అందుకే ఎంత ఖరీదైన ఆయింట్‌మెంటైనా ఒక్కటే రాస్తే ఫలితం అంతంతమాత్రం. తగ్గాల్సింది లోపలి ఒత్తిడి. వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది వరకు పొరలుగా కట్టు కట్టాలి. బిగువు చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసం ఉండి, పైకి వెళ్లేకొద్దీ తగ్గాలి. ఇంట్లో వదులుగా చుట్టుకున్న క్రేప్ బ్యాండేజీ ఈ పని చేయదు.

కట్టుకు ముందు తప్పనిసరి పరీక్ష ఒకటుంది. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించి చూస్తారు. అది 0.8 కన్నా తక్కువైతే ధమనులు (మంచి రక్తం తెచ్చే నాళాలు) మూసుకుపోతున్నాయేమోనని అనుమానించాలి. అలాంటి కాలికి గట్టి కట్టు కడితే కాలికే ముప్పు. షుగర్ ఉన్నవాళ్లలో ధమనులు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపవచ్చు కాబట్టి డాప్లర్ స్కానింగ్ కూడా అవసరమవుతుంది. యాంటీబయాటిక్స్ ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపిస్తేనే వాడాలి.

పాడైన సిర సంగతేమిటి? పుండు మానాక చూద్దామనేది పాత పద్ధతి. బ్రిటన్‌లో 450 మందిపై చేసి 2018లో ప్రచురించిన ‘ఎవ్రా’ అధ్యయనం దాన్ని మార్చింది. అందరికీ కట్టు కట్టారు. కొందరికి రెండు వారాల్లోపే లేజర్ వంటి పద్ధతులతో సిరను మూసేశారు. వారిలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, మిగిలినవారికి 82. పుండుతో బతికేవారికి ఆ 26 రోజులు చిన్న తేడా కాదు.

మానిన పుండు తిరగబెట్టడం మామూలే. అందుకే ఒత్తిడి మేజోళ్లు ఆ తర్వాతా వేసుకోవాలి. వాపు తక్కువగా ఉండే ఉదయం పూట, మంచం దిగకముందే తొడుక్కోవాలి. సాగి వదులైతే కొత్తవి కొనాలి.